చిత్తడి నేల ఫైల్: ఒక మేయర్‌తో తొమ్మిది నెలల కోచింగ్

"మేడమ్, మీరు చెప్పేదంతా నిజమే, కాదనను. కానీ రేపు నాకు ఓటేసేది ఉష్ణోగ్రత కాదు కదా, మనుషులు." రెండో సెషన్ చివర్లో మేయర్ గారు ఈ మాట అని, వాచీ చూసుకుని లేచి నిలబడ్డారు. అప్పటికి మా టైమ్ ఇంకా ఇరవై నిమిషాలుంది. తర్వాతి రెండు సెషన్లూ ఆయన ఆఫీసు నుంచే క్యాన్సిల్ అయ్యాయి. ఇందులో తప్పు నాదే. ఆ తప్పేంటో, దాన్ని ఎలా దిద్దుకున్నానో, చివరికి ఒక ఫైల్ మీద నిర్ణయం ఎంతవరకు మారిందో, ఎక్కడ మారలేదో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆయన అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరినీ పార్టీనీ మనుషుల్నీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. మా మధ్య మాటలు నడిచిన తీరు, నిర్ణయం మలుపు తిరిగిన చోట్లు మాత్రం మార్చలేదు.

నేను చేసేది లీడర్‌షిప్ కోచింగ్. ఎన్నికైన ప్రజాప్రతినిధులతో, స్థానిక సంస్థల పెద్దలతో ఎక్కువగా పనిచేస్తాను. సలహాదారు సమాధానం పట్టుకొచ్చి చేతిలో పెడతారు, కోచ్ మాత్రం ఎదుటి మనిషి తన ఆలోచనని తానే బయటికి విని తూచుకునేలా ప్రశ్నలు అడగాలి. మరి వాతావరణ మార్పు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాన్ని దాచుకుని తటస్థంగా ఉన్నట్టు నటించడం నాకు నచ్చదు, అలాగని దాన్ని క్లయింట్ నెత్తిన రుద్దితే అది కోచింగ్ అవదు. ఈ చిక్కుకి నేను పాటించే దారి ఒక్కటే, మొదటి రోజే చెప్పేయడం. ఆయనకీ అలాగే చెప్పాను: "భూమి, నీళ్లు, వేడి, ఇంధనం, వీటికి సంబంధించిన ఏ నిర్ణయం మన మాటల్లోకి వచ్చినా వచ్చే ముప్పై ఏళ్ల సంగతి నేను అడుగుతాను. వద్దనిపిస్తే వద్దనండి. నిర్ణయం ఎప్పుడూ మీదే. మీరు చెప్పింది ఇంకెవరికీ చెప్పను, బయట ఏ ఉద్యమం తరఫునా మీ మీద ఒత్తిడి తీసుకురాను." ఆయన సరేనన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ అన్నారు.

ఇక ఫైల్ సంగతి. ఊరికి కింది వైపు పల్లంలో ఒక పెద్ద చిత్తడి నేల ఉంది. పైనుంచి వచ్చే వాన నీరంతా మొదట అక్కడ చేరి, తర్వాత మెల్లగా ఒక వాగు గుండా నదిలోకి పోతుంది. ఊరు పెరిగేకొద్దీ దాని చుట్టూ ఇళ్లు వచ్చాయి. దాన్ని మట్టితో నింపి, మధ్యలోంచి లింక్ రోడ్డు వేసి, పక్కనే బస్ టెర్మినల్, షాపుల సముదాయం కట్టాలన్నది ఆయన ఎన్నికల హామీ. టెండర్ పిలవడానికి అంతా సిద్ధం. పదవీకాలం ఇంకా రెండేళ్లు మిగిలి ఉంది. కోచింగ్ దేనికని అడిగితే ఆయన చెప్పిన లక్ష్యం "ఈ ప్రాజెక్టు నా హయాంలో పూర్తి చేయాలి, అడ్డంకుల్ని ఎలా దాటాలో నాకు స్పష్టత రావాలి" అని.

నేను చేసిన తప్పు ఇక్కడే. రెండో సెషన్‌కి నేను గ్రాఫులతో వెళ్లాను. 2011 నుంచి 2020 మధ్య దశాబ్దం, పారిశ్రామికీకరణకి ముందటి 1850–1900 కాలం కన్నా సుమారు 1.1 డిగ్రీలు వేడిగా ఉందన్న ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం) లెక్క, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల నీటి ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుందన్న భౌతికశాస్త్ర సూత్రం, అందుకే తక్కువ సేపట్లో కుండపోతగా పడే వానలు ముదురుతున్నాయన్న వివరణ, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆయన ముందు పెట్టాను. అన్నీ నిజాలే. ఆయన మర్యాదగా తల ఊపుతూ విన్నారు. కానీ ఇవి కావాలని ఆయన నన్ను అడగలేదు. అడగని సమాచారం మీద పడేసరికి ఆయన చేతిలో మిగిలింది ఒక్కటే పని, తన ప్రాజెక్టుని వెనకేసుకురావడం. మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్ 1983 నుంచి అభివృద్ధి చేసిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే సంభాషణ పద్ధతి చెప్పేది ఇదే: మారాలా వద్దా అని ఊగిసలాడుతున్న మనిషికి మనం మార్పు వైపు వాదిస్తే, అతను ఉన్నచోటే ఉండడానికి కారణాలు వెతుక్కుంటాడు, ఆ కారణాలు తన నోటితో తాను చెప్పేకొద్దీ వాటినే ఇంకా నమ్ముతాడు. ఈ సంగతి నేను ఇతరులకి శిక్షణలో నేర్పుతాను. అయినా ఆ రోజు, టెండర్ దగ్గరపడుతోందన్న టెన్షన్‌లో, అదే తప్పు చేశాను. దానికి నాకు ఆరు వారాలు పోయాయి. ఆ ఆరు వారాల్లో టెండర్ విడుదలై ఉంటే ఈ కేస్ స్టడీయే ఉండేది కాదు.

మళ్లీ కలిసినప్పుడు మొదట క్షమాపణ చెప్పాను. "పోయినసారి మీ టైమ్‌ని నా పాఠానికి వాడుకున్నాను. ఈసారి మీరే చెప్పండి, ఆ పల్లపు వార్డుల గురించి మీకు బాగా గుర్తున్నదేంటి?" అని అడిగి ఊరుకున్నాను. ఆయన మొదట ఇంటి పన్నుల గురించి చెప్పారు, డ్రైనేజీ ఫిర్యాదుల గురించి చెప్పారు, తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. అప్పుడు, తను కౌన్సిలర్‌గా ఉన్న రోజుల్లో ఒక రాత్రి వచ్చిన ముంపు గురించి మొదలుపెట్టారు.

కరెంటు లేదు. టార్చిలైటు పట్టుకుని వీధుల్లో తిరుగుతుంటే ఒక ఇంట్లో ఫ్రిజ్ నీళ్లలో తేలుతూ కొట్టుకుపోకుండా కిటికీ ఊచలకి తాడుతో కట్టి ఉంది. మంచం మీద ఇంకో మంచం వేసి, దాని మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్లో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కాగితాల కట్ట. ఇంటి కాగితాలట. ఆవిడ్ని బయటికి తెస్తుంటే, తనకేమైనా ఫర్వాలేదుగానీ ఆ కట్ట తడవకూడదని పదేపదే చెప్పిందట. నీళ్లు తీశాక గోడ మీద గోధుమరంగు గీత మిగిలింది. "ఎక్కడిదాకా?" అని అడిగాను. ఆయన మాటల్లో చెప్పలేదు. కుర్చీలోంచి లేచి, అరచేయి అడ్డంగా పెట్టి చొక్కా రెండో గుండీ దగ్గర ఆపారు. "ఇక్కడిదాకా."

నేను అడగాల్సిన ప్రశ్న నాకు అప్పుడు దొరికింది. "రోడ్డు, టెర్మినల్ కట్టేశాక అదే వాన పడితే ఆ గీత ఎక్కడ ఉంటుంది?"

ఆయన చేయి దించలేదు. కాసేపు అలాగే నిలబడి, "నీరు పల్లమెరుగు అంటారు కదా, మరి ఆ పల్లాన్నే మేం నింపేస్తున్నాం" అన్నారు. తర్వాత కూర్చుని, ఆ ప్రశ్నకి తనకి జవాబు తెలియదని, ప్రాజెక్టు రిపోర్టులో కూడా ఉన్నట్టు గుర్తులేదని చెప్పారు. ఆ వారం ఆయన తనంతట తానే ఇంజనీర్‌ని పిలిపించుకున్నారు. నేను ఆ మీటింగ్‌లో లేను, ఉండకూడదు కూడా. ఇంజనీర్ చెప్పిన జవాబు తర్వాతి సెషన్‌లో ఆయనే నాకు చెప్పారు: రోడ్డు కింద కల్వర్టులు లెక్క ప్రకారమే పెట్టారు, కానీ ఆ లెక్క 25 ఏళ్లకోసారి వచ్చే వానకి, అదీ చాలా ఏళ్ల కిందట ఆగిపోయిన వాన రికార్డుల మీద కట్టింది. చిత్తడి నేల ఇప్పుడు పట్టి ఉంచుతున్న నీరు రేపు ఎక్కడికి పోతుందన్నది ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ లెక్కగట్టలేదు.

ఇప్పుడు ఆయన అడిగారు, "25 ఏళ్లకోసారి అంటే మాకు ఇంకా టైమ్ ఉన్నట్టేనా?" అడిగారు కాబట్టి చెప్పడానికి నాకు చోటు దొరికింది. ఇది చాలామంది పొరపాటు పడే చోటు. ఒకసారి వచ్చిపోతే ఇంకో 25 ఏళ్ల దాకా రాదని దాని అర్థం కాదు. ప్రతి ఏడాదీ 4 శాతం అవకాశం ఉందని అర్థం. తెల్లకాగితం మీద ఆయనే క్యాలిక్యులేటర్‌తో వేశారు, నేను పక్కన కూర్చున్నాను. ఒక ఏడాది ఆ వాన రాకపోవడానికి అవకాశం 0.96. రెండేళ్లు రాకపోవాలంటే 0.96ని దానితోనే హెచ్చించాలి. అలా చూస్తే మిగిలిన రెండేళ్ల పదవీకాలంలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం సుమారు 8 శాతం. పూర్తి ఐదేళ్ల కాలానికైతే 18 శాతం. ముప్పై ఏళ్లకి వేస్తే 71 శాతం. పైగా ఇది వానలు పాత రోజుల్లాగే పడతాయని అనుకుని వేసిన లెక్క.

కాగితం మీద ఆ మూడు అంకెలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆయన 8 చుట్టూ సున్నా చుట్టారు. "నా హయాంలో ఏమీ కాదు" అన్నారు. నేను ఒప్పుకున్నాను, నిజంగానే బహుశా ఏమీ కాదు. అప్పుడు ఆయన 71 వైపు పెన్ను చూపించి, "కానీ ప్రారంభోత్సవం ఫలకం మీద నా పేరే ఉంటుంది" అన్నారు. ఈ ఒక్క వాక్యం కోసం నేను నాలుగు నెలలు ఎదురుచూశాను అంటే అతిశయోక్తి కాదు. దాన్ని నేను చెప్పి ఉంటే బెదిరింపులా ఉండేది.

నాయకుల్లో వాతావరణ స్పృహ లేకపోవడానికి అజ్ఞానం కారణమని చాలా శిక్షణ కార్యక్రమాలు అనుకుంటాయి. నా అనుభవంలో అది చిన్న భాగం. ఆయనకి విషయం తెలుసు. కానీ ఆయన రోజూ ఉండే ప్రపంచంలో ముందుజాగ్రత్తకి ఓట్లు రాలవు. ఈ భయం ఊహ మాత్రమే కాదు. 2009లో ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా అనే పరిశోధకులు అమెరికాలో కౌంటీల వారీగా ఎన్నికల ఫలితాల్ని, విపత్తుల ఖర్చుల్ని పక్కపక్కన పెట్టి చూశారు. విపత్తు వచ్చాక సహాయం పంచిన వాళ్లకి ఓటర్లు ఓట్లు వేశారు, రాకముందే సన్నద్ధత మీద ఖర్చు పెట్టిన వాళ్లని పట్టించుకోలేదు. అదే అధ్యయనంలో, సన్నద్ధత మీద పెట్టిన ఒక్కో డాలరు తర్వాతి నష్టాల్లో సుమారు 15 డాలర్లు తగ్గిస్తుందని కూడా తేలింది. అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకునే నాయకుడికే వ్యవస్థ బహుమతి ఇస్తోంది. ఇది ఆయనకి చెప్పినప్పుడు (చెప్పమంటారా అని అడిగే చెప్పాను) ఆయన ముఖంలో ఒక రకమైన ఊరట కనిపించింది. తన భయం పిరికితనం కాదని, దానికి ఆధారం ఉందని ఎవరో ఒప్పుకున్నట్టు. ఆ ఊరట లేకుండా తర్వాతి అడుగు పడేది కాదనుకుంటాను. రాజకీయ భయాన్ని కొట్టిపారేసే కోచ్ దగ్గర ఏ నాయకుడూ ఉన్న మాట చెప్పడు.

తర్వాతి ప్రశ్న, "ఈ ప్రాజెక్టు మారిస్తే మీ మీద ఒంటికాలి మీద లేచేది ఎవరు?" ఆయన ఒక కాగితం మీద పేర్లు రాశారు. వ్యాపారుల సంఘం, మట్టి తోలే కాంట్రాక్టర్లు, తన పార్టీలోనే పోటీగా ఉన్న ఒకాయన, ఇక "కౌన్సిలర్లందరూ". ఆ 'అందరూ' దగ్గర ఆగాను. ఎంతమందిని విడిగా అడిగారని అడిగితే, ఎవర్నీ అడగలేదు. తెలిసిన సంగతే కదా అన్నారు. తొమ్మిదిమందిని ఎంచుకుని, గ్రూపులో కాకుండా ఒక్కొక్కరితో, తన అభిప్రాయం చెప్పకుండా ఒకే ప్రశ్న అడిగి రావాలని ఆయనే హోంవర్క్ పెట్టుకున్నారు: "మీ వార్డువాళ్ల కోసం ఈ ప్లాన్‌లో ఏం మారిస్తే బాగుంటుంది?"

మూడు వారాల తర్వాత వచ్చినప్పుడు ఆయన స్వరం వేరేగా ఉంది. తొమ్మిదిమందిలో ఐదుగురు ముంపు గురించి తమకి మొదటి నుంచీ అనుమానం ఉందన్నారట. ఎందుకు చెప్పలేదంటే, "మీరు గట్టిగా అనుకున్నారు కదా సార్" అన్నారట. ఆయన వాళ్ల గురించి అనుకున్నదే వాళ్లు ఆయన గురించి అనుకున్నారు. దీన్ని పరిశోధకులు పెద్ద స్థాయిలో కొలిచారు. 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో 125 దేశాల్లో సుమారు 1,30,000 మందిని అడిగితే, వాతావరణం కోసం తమ ఆదాయంలో నెలకి 1 శాతం ఇవ్వడానికి 69 శాతం మంది సిద్ధమన్నారు, కానీ తమ దేశంలోని మిగతావాళ్లలో 43 శాతం మందే సిద్ధంగా ఉంటారని వాళ్ల అంచనా. ప్రభుత్వాలు ఇంకా ఎక్కువ చేయాలని 89 శాతం మంది కోరుకున్నారు. ఈ అంకెలు ఎంత పెద్దవైనా, ఒక నాయకుడిని కదిలించేది తన కౌన్సిల్ హాల్లో కూర్చునే ఐదుగురి మాట. అందుకే సర్వేల కన్నా ఆ హోంవర్క్‌కే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇక్కడ ఒక పక్క మాట. మొత్తం తొమ్మిది నెలల్లో ఆఫీసు భవనాలకి సోలార్, వీధుల్లో ఎల్‌ఈడీ దీపాలు లాంటి ఫైళ్లు కూడా వచ్చాయి. వాటికి నా అవసరం పడలేదు. బిల్లు తగ్గుతుంది, ఎవరికీ నష్టం లేదు, సంతకం పడిపోతుంది. కోచింగ్ అవసరమయ్యేది ఒకరికి ఈరోజు నష్టం, ఇంకొకరికి రేపు లాభం ఉన్న చోటే. నాయకత్వం మీద పుస్తకాలు రాసిన రొనాల్డ్ హైఫెట్జ్ సాంకేతిక సమస్యలు, సర్దుబాటు సమస్యలు అని విడదీసి చెప్పింది ఇలాంటి వాటి గురించే. మొదటి రకాన్ని నిపుణుడు తీర్చేస్తాడు, రెండో రకంలో మనుషులు ఏదో ఒకటి వదులుకోవాలి. చిత్తడి నేల ఫైల్ రెండో రకం.

ఆరో నెలలో ఆయన తన దగ్గరి ఐదుగురిని కూర్చోబెట్టి ప్రీమార్టెమ్ చేశారు. మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ రూపొందించిన పద్ధతి ఇది, చాలా తేలిక: నిర్ణయం ఇప్పటికే అమలై, ఘోరంగా బెడిసికొట్టిందని ఊహించుకుని, ఎందుకు బెడిసిందో ప్రతి ఒక్కరూ విడివిడిగా రాయాలి. ఈసారి నన్ను నడిపించమన్నారు. ఆయన కొంచెం ఆశ్చర్యపోయేలా నేను రెండు వైపులా చేయించాను. మొదట రోడ్డు వేసేశాక విఫలమైన కథ, తర్వాత రోడ్డు ఆపేసి నేలని అలాగే ఉంచాక విఫలమైన కథ. నాకు నచ్చిన వైపుని మాత్రం పరీక్షకి పెట్టకుండా వదిలేస్తే అది మోసం కిందే లెక్క.

మొదటి కథలో కొత్తగా తేలింది తక్కువే, ముంపు సంగతి అప్పటికే అందరికీ అర్థమైంది. రెండో కథే మా కళ్లు తెరిపించింది. ఇంజనీర్ రాసిన చీటీలో ఇలా ఉంది: "నేల అలాగే ఉంది. కంచె లేదు. రెండేళ్లలో చెత్తకుప్ప అయింది. దోమలని జనం గొడవ చేశారు. తర్వాత వచ్చిన మేయర్ దాన్ని నింపేశాడు, అందరూ చప్పట్లు కొట్టారు." గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ చీటీ రాసిన మనిషి అప్పటిదాకా మీటింగుల్లో పెద్దగా నోరు విప్పేవారు కాదు. ఏమీ కట్టకుండా ఊరికే వదిలేసిన నేలకి రాజకీయంగా ఆయుష్షు లేదని, దాన్ని కాపాడాలంటే జనం కంటికి కనిపించేదీ కాళ్లకి తగిలేదీ ఏదో అక్కడ ఉండాలని ఆ ఐదు వాక్యాలు చెప్పాయి. నేను గ్రాఫులతో వెళ్లిన రోజు ఈ కోణం నాకు తట్టనే లేదు.

అప్పుడు వేరే ఊళ్లు ఏం చేశాయని ఆయన అడిగారు. మూడు చెప్పాను. బ్రెజిల్‌లోని కురిటిబాలో 1971లో మొదటిసారి మేయర్ అయిన జైమే లెర్నర్ కాలంలో, నదుల్ని కాంక్రీటు కాలువలుగా మార్చకుండా వరద మైదానాల్ని పార్కులుగా వదిలేశారు, వాన ఎక్కువైతే పార్కు చెరువుల్లో నీరు నిలుస్తుంది. కోపెన్‌హాగెన్‌లో 2011 జులై 2న రెండు గంటల్లో సుమారు 150 మిల్లీమీటర్ల వాన పడి నగరం మునిగింది. మరుసటి ఏడాదే కుండపోత వానల కోసం ప్రత్యేక ప్రణాళిక తయారుచేస్తే, అన్నిచోట్లా మురుగు పైపులు పెద్దవి చేయడం కన్నా వీధుల్లో, పార్కుల్లో నీరు నిలిచేలా చేసి, అవసరమైన చోట సొరంగాలు వేయడమే తక్కువ ఖర్చని తేలింది. సియోల్‌లో చొంగ్యెచోన్ వాగు మీద కట్టిన ఎత్తైన రోడ్డుని 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005 కల్లా సుమారు 5.8 కిలోమీటర్ల వాగుని మళ్లీ బయటికి తెచ్చారు. ట్రాఫిక్ ఆగిపోతుందని, వ్యాపారాలు పోతాయని అక్కడా పెద్ద గొడవే జరిగింది. ఆ పని చేయించిన మేయర్ లీ మ్యుంగ్ బాక్ తర్వాత దేశాధ్యక్షుడయ్యారు. మేయర్ గారు ఈ మూడింటిలో ఏ దాన్ని పట్టుకున్నారో చెప్పక్కర్లేదు. వెంటనే, "ఎన్నేళ్లు పట్టింది?" అని అడిగారు. సుమారు రెండేళ్లు అన్నాను. ఆయన డైరీలో రాసుకున్నారు.

నిర్ణయం ఎనిమిదో నెలలో వచ్చింది. టెర్మినల్, షాపులు చిత్తడి నేల మీద నుంచి తీసేసి, జనం ఎక్కువగా ఉండే వైపు ఉన్న ఒక పాత గోదాము స్థలానికి మార్చారు. లింక్ రోడ్డు రద్దవలేదు. నేల అంచు వెంబడి, ఎత్తు మీద, ఎక్కువ కల్వర్టులతో వేయాలని తీర్మానించారు. మధ్యలోంచి రోడ్డు పోతే పోయే భాగంలో చాలావరకు మిగిలింది, కానీ అంచున కొంత భాగం పోయింది. మిగిలిన నేల చుట్టూ నడక దారి, కూర్చునే చోట్లు, నీటి మట్టం చూపించే ఒక పెద్ద రాతి స్తంభం పెట్టారు. దాని మీద ఆ పాత ముంపు గీత ఎత్తు కూడా చెక్కించాలన్నది ఆయన ఆలోచనే. నిర్వహణకి బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు పెట్టించారు.

పోయినవి కూడా చెప్పాలి. ఒక కౌన్సిలర్ ఆయన గ్రూపు వదిలి వెళ్లిపోయారు. వ్యాపారుల సంఘం ఆయనతో మాట్లాడడం మానేసింది, కొన్ని నెలల పాటు. రోడ్డు అసలు అవసరమా, ఆ డబ్బు బస్సుల మీద పెడితే కాలుష్యం తగ్గేది కదా అన్న ప్రశ్నని నేను రెండుసార్లు ఆయన ముందు పెట్టాను. ఒకసారి కట్టిన రోడ్డు దశాబ్దాల పాటు ఊరి ప్రయాణాల్ని తనవైపు లాక్కుంటుంది, ఉద్గారాల పరంగా అదే పెద్ద లెక్క. రెండుసార్లూ ఆయన వద్దన్నారు, రోడ్డు హామీ నుంచి పూర్తిగా వెనక్కి తగ్గితే తనకి నిలబడే చోటే ఉండదన్నారు. మొదటి రోజు ఒప్పందం ప్రకారం నేను అక్కడ ఆగాను. అది నాకు కష్టమైంది, ఇప్పటికీ ఆ విషయం గుర్తొస్తే మనసు కుదుటగా ఉండదు. అలాగే మార్కెట్ పైకప్పులకి వేడిని వెనక్కి పంపే తెల్లరంగు వేయించే చిన్న ప్రతిపాదన కూడా ఈ గొడవల్లో పక్కకి పోయింది. 2003 వేసవిలో యూరప్‌లో వడగాడ్పులకి 70,000 మందికి పైగా అదనంగా చనిపోయారు, 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకి చేరి, ఆ నెలలో 1,344 అదనపు మరణాలు నమోదైతే, ఆ తర్వాతే 2013లో ఆ నగరం వేడిని ఎదుర్కొనే కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. వరద కంటికి కనిపిస్తుంది, ఎండ కనిపించకుండా చంపుతుంది. ఆ ఫైల్ కోసం నేను ఇంకాస్త గట్టిగా ప్రశ్నలు అడిగి ఉండాల్సింది.

ఈ కేసులో ఫలితం ఎలా కొలవాలని తోటి కోచ్‌లు అడుగుతారు. ఆ తర్వాతి వర్షాకాలంలో పెద్ద వానే పడలేదు. కాబట్టి నిర్ణయం సరైనదని నీళ్లు ఏమీ నిరూపించలేదు, రాని ముంపుని ఎవరూ ఫొటో తీయలేరు. నేను చూసుకునేది వేరే. మొదటి సెషన్లలో ఆయన మాట్లాడిన వాక్యాల్లో కాలం ఎప్పుడూ ఎన్నికల దగ్గర ఆగిపోయేది. ఎనిమిదో నెలకి ఇంజనీర్‌ని "ఇది కట్టాక ఎన్నేళ్లుంటుంది, అన్నేళ్లలో ఏం చూస్తుంది?" అని అడగడం అలవాటైంది. నోట్స్ తిరగేసి చూస్తే ఆ మార్పు తేదీలతో సహా కనిపిస్తుంది. ఇంకొకటి, ప్రశ్న నా నోటి నుంచి ఆయన నోటికి, అక్కడి నుంచి ఆఫీసులోకి వెళ్లిందా లేదా అన్నది. కోచింగ్ అయిపోయాక అది ఫైళ్లలో ఉండకపోతే, తర్వాత వచ్చే మనిషికి ఏమీ మిగలదు.

మళ్లీ ఇలాంటి కేసు వస్తే నేను మొదట చేసే పని, క్లయింట్ బల్ల మీద ఇప్పుడు ఏ ఫైల్ ఉందో కనుక్కోవడం. నమ్మకాల గురించి చర్చ పెట్టను. భూమి వాడకం మార్పు, పెద్ద టెండర్, బడ్జెట్, ఏడాదిలో నాలుగైదు సార్లు మాత్రమే వచ్చే ఆ సంతకాల దగ్గరే ముప్పై ఏళ్ల భవిష్యత్తు తేలిపోతుంది. ఆ తేదీలు ముందే క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుని సెషన్లు వాటికి ముందు పడేలా చూసుకుంటాను. సమాచారం చెప్పే ముందు అనుమతి అడుగుతాను, చెప్పాక "ఇది విన్నాక మీకేమనిపిస్తోంది?" అని ఆపుతాను.

కోచింగ్ ముగిసిన నాలుగు నెలలకి ఆయన ఫోన్‌లో ఒక ఫొటో పంపారు. కొత్త ఆసుపత్రి బ్లాక్ ఫైల్‌లో ఒక పేజీ. డ్రైనేజీ పేరా పక్కన మార్జిన్‌లో, ఆయన చేతిరాతతో, ఆకుపచ్చ ఇంకులో: "వాన లెక్క ఏ సంవత్సరం దాకా తీసుకున్నారు?" దాని కింద నీలం ఇంకులో ఇంజనీర్ జవాబు: "పదిహేడేళ్ల కిందటి దాకా సార్. కొత్తది తెప్పిస్తున్నాం. అప్పటిదాకా టెండర్ ఆపమంటారా?" దాని కింద మళ్లీ ఆకుపచ్చ ఇంకు: "ఆపండి."